బి నెగెటివ్ బెంచీలో నాలుగో సీటు

మా ఆసుపత్రిలో చుక్క రక్తం కూడా వృథా కాదు. ఇది గొప్ప కోసం చెబుతున్న మాట కాదు, ప్రధాన ద్వారం మీద ఎర్ర రంగుతో రాయించిన మాట. ఆ వాక్యాన్ని కూర్చినవాణ్ణి నేనే. సూపరింటెండెంటు గారి పేషీలో సీనియర్ అసిస్టెంటుగా నా ఉద్యోగం ఏమిటంటే, ఆయన బుర్రలో పుట్టిన ఆలోచనకి సర్క్యులర్ అనే చొక్కా తొడిగి బయటికి పంపడం. చొక్కా లేకుండా వదిలితే కొన్ని ఆలోచనలు చూడ్డానికి బాగుండవు.

వృథా అనే సమస్య పిల్లల వార్డు నుంచి వచ్చింది. పెద్దవాళ్ళతో ఏ పేచీ లేదు. సంచీ తగిలిస్తే మొత్తం ఎక్కించుకుని వెళ్ళిపోతారు. పసివాళ్ళకి కావలసింది టీ గ్లాసుడు. దానికోసం పెద్ద సంచీ తెరవాలి, తెరిచాక మిగిలింది దాచకూడదు, పారబొయ్యాలి. ఏటా వచ్చే ఆడిటర్లు ఈ పారబోత చూసి, పసిపిల్లలు ప్రభుత్వ రక్తాన్ని ఎంగిలి చేసి వదిలేస్తున్నారన్న అర్థం వచ్చేలా అభ్యంతరం రాసి వెళ్ళేవారు.

అప్పుడు పిల్లల డాక్టరు నజ్మా గారు ఎక్కడెక్కడో తిరిగి, ఎవరెవరికో దండాలు పెట్టి, కొత్తరకం సంచులు తెప్పించారు. ఒక తల్లిసంచి, దానికి గొట్టాలతో తగిలించిన నాలుగు పిల్లసంచులు. ఒక దాత ఇచ్చిన రక్తాన్ని గాలి తగలకుండా నాలుగింటిలోకీ పంచి దేనికది సీలు చేసెయ్యొచ్చు. ఇవాళ ఒక బిడ్డకి ఒక పిల్లసంచి ఎక్కించి, మిగతా మూడూ ఫ్రిజ్‌లో పెట్టుకుని, గడువులోపల అవసరం పడ్డప్పుడు అదే బిడ్డకి గానీ ఇంకో బిడ్డకి గానీ వాడుకోవచ్చు. పదిమంది దాతల రక్తం బదులు ఒక్కరిదే వెళుతుంది కనుక బిడ్డకి ప్రమాదమూ తక్కువ. ఇంత తెలివైన వస్తువు మా ఆసుపత్రికి రావడం నాకు తెలిసి అదే మొదటిసారి. దీపం వెలిగించాం, రిబ్బను కత్తిరించాం. ఫ్రిజ్ మీద కొబ్బరికాయ కూడా కొట్టేవాళ్ళమే గానీ నజ్మా గారు అడ్డుపడ్డారు.

నెల తిరక్కుండా రాజధాని నుంచి వీడియో సమీక్ష వచ్చింది. తెర మీద రాష్ట్రంలోని రక్తం లెక్కంతా కనిపిస్తుంది. పూర్తిగా విడుదలైన యూనిట్ పచ్చగా, సగం సగం విడుదలైన యూనిట్ ఎర్రగా. నాలుగు పిల్లసంచులకీ కలిపి దాత నంబరు ఒక్కటే కాబట్టి, ఒక సంచి వాడి మూడు దాచుకున్న మా పిల్లల వార్డు మొత్తం ఎర్రగా మెరిసింది. రక్తం ఎర్రగా ఉంటే ఎవరూ ఏమీ అనరు. రక్తం లెక్క ఎర్రగా ఉంటే సంజాయిషీ అడుగుతారు.

సూపరింటెండెంటు ముకుందరావు గారు ఆ సాయంత్రమే సమావేశం పెట్టారు.

"నజ్మా గారూ, ఒక యూనిట్‌ను పాక్షికంగా విడుదల చేసి శేషభాగాన్ని నిరవధికంగా నిల్వ ఉంచడం పారదర్శకతకు విఘాతం కదా?" అన్నారు.

"అది శేషభాగం కాదు సార్. దేనికది సీలు వేసిన సంచి. అలా దాచుకుని వాడుకోవడానికే కదా తెప్పించాం."

"నాలుగింటికీ నంబరు ఒక్కటేనా?"

"దాత ఒక్కరే కనుక ఒక్కటే."

"నంబరు ఒక్కటైనప్పుడు విడుదలా ఒక్కటే కావాలి. నలుగురు అన్నదమ్ములు ఉమ్మడి పొలం అమ్మితే నలుగురూ ఒకేరోజు వెళ్ళి సంతకాలు పెట్టరూ? ఒకడు ఇవాళ, ఒకడు వచ్చే నెల పెడతానంటే రిజిస్ట్రారు ఊరుకుంటాడా?"

"పోనీ నాలుగూ ఒకే బిడ్డ పేరు మీద విడుదల చేద్దాం. మూడు నేను ఫ్రిజ్‌లో దాచి విడతలుగా ఎక్కిస్తాను."

ముకుందరావు గారు జాలిగా నవ్వారు. "అప్పుడు లబ్ధిదారు ఒక్కరే అవుతారు డాక్టర్. మూడు వంతుల ప్రగతి కోల్పోతాం."

మర్నాటికి సర్క్యులర్ తయారైంది. పథకం పేరు 'చతుర్బాల ఏకకాల సమగ్ర రక్త సద్వినియోగం'. అందులో ముఖ్యమైన భాగం ఇది: 'ఒకే గ్రూపునకు చెందిన నలుగురు బాల లబ్ధిదారులు ఏకకాలమున హాజరైనప్పుడు మాత్రమే యూనిట్ విడుదల చేయబడును. గైర్హాజరైన లబ్ధిదారుల నిమిత్తము హాజరైన లబ్ధిదారులు వేచియుండవలెను.' రెండో వాక్యం బాగా కుదిరిందని ముకుందరావు గారు నన్ను మెచ్చుకున్నారు. కంప్యూటరుకీ ఆ ప్రకారమే బుద్ధి చెప్పించాం. నాలుగు గళ్ళలో నాలుగు పేర్లు పడితేనే చీటీ వస్తుంది, చీటీ ఉంటేనే ఫ్రిజ్ తాళం వస్తుంది.

వార్డు వరండాలో గ్రూపుకో బెంచీ వేయించాం. బెంచీకి నాలుగు సీట్లు, తెల్ల రంగుతో గీతలు. అటెండర్లు మొదట్లో మొహమాటపడ్డారు గానీ రెండు రోజుల్లో గొంతులు లేచాయి. "ఓ పాజిటివ్, ఓ పాజిటివ్, ఒక్క సీటు, ఎంటనే బయల్దేరుద్ది" అని కేకలు. నలుగురు తల్లులూ కూర్చోగానే పేర్లు కొట్టడం, చీటీ రావడం, నాలుగు సంచులూ బయటికి రావడం. ఓ పాజిటివ్ బెంచీ రోజూ నిండింది. తెర మీద ఆ వరస పచ్చగా మారింది. పై నుంచి ఫోను చేసి మరీ అభినందించారు.

బి నెగెటివ్ సంగతి వేరు. ఆ గ్రూపు మనుషులు దొరకడమే గగనం. అందులో పసివాళ్ళు, అందులోనూ ఒకే వేళకి రక్తం తగ్గినవాళ్ళు నలుగురు కావాలంటే దేవుడు కూడా టార్గెట్ పెట్టుకుని పనిచెయ్యాలి. ఆ బెంచీ మీద మొదటి సీట్లో రూతమ్మ అనే ఆవిడ కొడుకు జోయెల్‌ని ఒళ్ళో వేసుకుని కూర్చునేది. పొద్దున్నే వచ్చేది, చీకటి పడ్డాక వెళ్ళేది. ఆ పిల్లవాడు ఏడిచే ఓపిక కూడా లేక ఊరికే కళ్ళు తెరుచుకుని చూసేవాడు.

ఒకరోజు సత్యవేణి వచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పని ఆమెది. చంకలో తొమ్మిది నెలల కూతురు యామిని. ఆ పిల్లకి తలసేమియా. అంటే ఒంట్లో రక్తం తనంతట తాను సరిగ్గా తయారు కాదు. మూడు నాలుగు వారాలకోసారి ఎక్కిస్తే పిల్ల పాలు తాగుతుంది, నవ్వుతుంది, వాళ్ళమ్మ చెవి పట్టుకుని లాగుతుంది. ఎక్కించకపోతే తోటకూర కాడలా వాలిపోతుంది. పోయిన నెల దాకా వచ్చిన పూటే పనైపోయేది. ఈసారి అటెండరు బెంచీ చూపించాడు.

"మీ పాపది ఏ గ్రూపమ్మా?" అని అడిగింది రూతమ్మ.

"బి నెగిటివ్ అంటండి."

రూతమ్మ మొహం విప్పారింది. లేచి, పక్క సీటు కొంగుతో తుడిచి, "కూకోమ్మా, కూకో" అని తన దగ్గరున్న బిస్కెట్ ప్యాకెట్ విప్పి చేతిలో పెట్టింది. ముక్కూమొహం తెలియని మనిషి ఇంత ఆదరించడం చూసి సత్యవేణి ఇబ్బందిగా నవ్వింది. గోడ మీది సర్క్యులర్ చదివి పెట్టమని మొగుణ్ణి పిలిచింది.

మొగుడు దొరబాబు బస్టాండు నుంచి రైల్వే గేటు దాకా షేర్ ఆటో నడుపుతాడు. సర్క్యులర్ ముందు నిలబడి కూడబలుక్కుని చదివాడు. పెద్ద పెద్ద డాక్టర్లు నా దగ్గరికి వచ్చి రెండుసార్లు చెప్పించుకుని వెళ్ళిన విషయం అతనికి ఒక్కసారికే అర్థమైంది.

"నిండితేగానీ బండి కదల్దన్నమాట" అన్నాడు. తర్వాత బెంచీల లెక్క చూసుకోడానికి వచ్చిన నా వైపు తిరిగి, "సూపర్నెంటు గారు ఇదివరకు ఏ లైన్లో నడిపేవోరండీ?" అని అడిగాడు.

"ఆయన డాక్టరయ్యా" అన్నాను.

"అలాగాండీ" అన్నాడు. నమ్మినట్టు కనపడలేదు.

బెంచీ నిండలేదు. రెండు సీట్లు అలాగే ఉండిపోయాయి. దొరబాబు బయటి బ్లడ్ బ్యాంకులు తిరిగాడు, ఆ గ్రూపు లేదన్నారు. పెద్దవాళ్ళ సంచీ ఒకటి తెరుద్దామని నజ్మా గారు చూశారు. కానీ ప్రగతిలో భాగంగా అప్పటికే బి నెగెటివ్ మొత్తాన్నీ పిల్లసంచుల్లోకి మార్చేశాం. ఈ పిల్లలకి పనికొచ్చే ఓ నెగెటివ్ కూడా తన నలుగురి కోసం తను ఎదురుచూస్తోంది. రక్తం పది అడుగుల దూరంలో, అద్దం తలుపు వెనక, చల్లగా, క్షేమంగా ఉంది.

ఇక దొరబాబు ఆటోకి మైకు కట్టుకున్నాడు. ఊళ్ళో వీధి వీధీ తిరుగుతూ, "బి నెగిటివ్ పిల్లలున్నోళ్ళు ఎవరైనా ఉంటే, ఆ పిల్లలకి రత్తం తగ్గుంటే, దయచేసి పెద్దాసుపత్రికి రావాలండి" అని అరిచాడు. ఒకామె తన కొడుకుది ఆ గ్రూపేనని ఎదురొచ్చింది. పిల్లవాడు గుండ్రాయిలా ఉన్నాడు. దొరబాబు వాణ్ణి ఎగాదిగా చూసి, నిరాశగా తిరిగి వచ్చాడు. ఒక బిడ్డ ఆరోగ్యంగా ఉన్నందుకు నిరాశపడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మేమూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. 'అవసర సమీకరణ' మీద సమీక్ష జరిపాం. బి నెగెటివ్ గ్రూపు రక్తహీన శిశువులను గుర్తించి తరలించాలని ఆశా కార్యకర్తలకి లక్ష్యాలు ఇచ్చాం. ఆ సమావేశంలోనే ముకుందరావు గారు దూరదృష్టితో ఒక మాట అన్నారు.

"అంగన్‌వాడీల్లో ఐరన్ చుక్కలు విచక్షణారహితంగా పోస్తున్నారు. దీనివల్ల క్షేత్రస్థాయిలో అవసరం సన్నగిల్లే ప్రమాదం ఉంది. పథకం మనుగడ దృష్ట్యా చుక్కల పంపిణీలో సంయమనం పాటించవలసిందిగా కోరదాం."

"సార్, పిల్లలు జబ్బు పడాలని కోరుకుంటున్నామా మనం?" అన్నారు నజ్మా గారు.

"లేదు డాక్టర్. పడదలచుకున్నవాళ్ళు నలుగురూ కలిసి పడాలని కోరుకుంటున్నాం."

సంయమనం గురించి కూడా ఒక సర్క్యులర్ వెళ్ళింది. అది నేనే రాశాను.

మూడో సీటు నిండింది. గోదావరి లంకల్లోంచి ఒక ముసలామె మనవణ్ణి భుజాన వేసుకుని ఆశా కార్యకర్త వెంట వచ్చింది. పిల్లవాడి పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. వరండా మెట్లు ఎక్కుతుండగానే సత్యవేణి లేచి ఎదురెళ్ళింది. "ఏ గ్రూపండీ? పిల్లోడిది ఏ గ్రూపండీ?" అని అడిగింది. ఆశా కార్యకర్త చెప్పగానే ముసలామె చేతులు పట్టుకుని బెంచీ దగ్గరికి నడిపించుకొచ్చి, సీటు తుడిచి, సంచీలోంచి అరటిపండు తీసి ఇచ్చింది. కాసేపటికి అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకు ఏడుస్తోందని రూతమ్మ అడగలేదు.

ఇక కావలసింది ఒక్క సీటు. యామిని అప్పటికి పాలు మానేసింది. ఎత్తుకుంటే తల నిలబెట్టడం లేదు. నజ్మా గారు పూటకోసారి పేషీకి వచ్చి బల్ల గుద్ది వెళుతున్నారు. ముకుందరావు గారిని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి, బల్ల గుద్దినంత మాత్రాన ఆయన చలించే మనిషి కాదు. పైవాళ్ళకి ఫోను చేస్తే, వచ్చే సమీక్షలో అంశంగా చేరుస్తామని సెలవిచ్చారు.

ఆఖరికి దొరబాబే పేషీలోకి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, ఆటోలో ఆఖరి సీటు నిండకపోతే, తొందరున్నోళ్ళు ఆ సీటు డబ్బులు కూడా మేమే ఇచ్చుకుంటాం పోనియ్యవయ్యా అంటారండి. పోనిచ్చేత్తాం. ఆ నాలుగో సీటేదో నేను కొనుక్కుంటానండి. మా పాపని పోనియ్యండి."

ముకుందరావు గారి మొహం గంభీరమైంది. "చూడు బాబూ. ప్రభుత్వ రక్తం అమ్మకానికి లేదు."

"రత్తం అమ్మమనట్లేదండి. ఖాళీ సీటు అమ్మమంటన్నాను."

"ఖాళీ సీటు లబ్ధిదారు కాజాలదు. దానికి రక్తహీనత ఉందని ఏ వైద్యాధికారి ధ్రువీకరిస్తాడు?"

దొరబాబు చేతిలో ఉన్న ఆటో తాళం వైపు చూసుకుంటూ వెళ్ళిపోయాడు. అయినా ముకుందరావు గారు ఆ ప్రతిపాదనను తేలిగ్గా తీసెయ్యలేదు. ఖాళీ సీట్ల స్థితిగతులను అధ్యయనం చేయడానికి నలుగురు సభ్యులతో ఒక కమిటీ వేశారు. ముగ్గురు వచ్చారు, నాలుగో సభ్యుడు సెలవులో ఉండడంతో కమిటీ మొదలు కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం వరండాలో సత్యవేణి కేక వినపడింది. యామిని ఊపిరి ఎగశ్వాసగా తీస్తోంది. డొక్కలు లోపలికి పోతున్నాయి. నజ్మా గారు పరుగున వచ్చి, పిల్లని పరీక్ష గదిలోకి తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టారు. నేనూ వెనకే వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు, గదిలో నా పని ఏమీ లేదు.

"మొదట్లో వచ్చినప్పుడే ఎక్కించుంటే ఒక్క పిల్లసంచి సరిపోయేది" అన్నారు నజ్మా గారు, ఎవరితోనూ కాదన్నట్టు. "ఇప్పుడు ఒకటి చాలదు. గుండె తట్టుకునేలా మెల్లమెల్లగా ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి."

ఆ మాట అంటూనే ఆవిడ ఆగిపోయారు. నా వైపు చూశారు. ఇద్దరం ఒకే లెక్క వేశాం. జోయెల్‌కి ఒకటి, లంకల పిల్లవాడికి ఒకటి, యామినికి రెండు.

నేను పేషీకి పరిగెత్తాను. ముకుందరావు గారు రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని ఆలోచించి, "లబ్ధిదారులు నలుగురు, పిల్లలు ముగ్గురు. నిబంధన లబ్ధిదారుల గురించే చెబుతోంది గానీ పిల్లల గురించి కాదు" అని సంతకం పెట్టారు. కంప్యూటరులో రెండో గడిలో యామిని, నాలుగో గడిలోనూ యామిని. చీటీ వచ్చింది. తాళం వచ్చింది. రక్తం మొదటి చుక్క గొట్టంలో కదిలినప్పుడు సత్యవేణి మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. తెర మీద బి నెగెటివ్ వరస పచ్చగా మారింది.

యామిని బతికింది. రెండో రోజుకి కళ్ళు తిప్పింది. నాలుగో రోజుకి వాళ్ళమ్మ చెవి పట్టుకుంది. నజ్మా గారు ఆ పూట వార్డులోనే కుర్చీలో నిద్రపోయారు.

జరిగినదాంట్లోంచి ముకుందరావు గారు ఒక పాఠం తీశారు. 'వేచియుండుట వలన లబ్ధిదారు యొక్క అవసరము ఒక సంచి నుండి రెండు సంచులకు వృద్ధి చెంది, యూనిట్ సంపూర్ణ వినియోగమునకు తోడ్పడినది. కావున అరుదైన గ్రూపుల విషయమున అవసరము పరిపక్వమగు వరకు వేచియుండుట శ్రేయస్కరము.' దీన్ని 'పరిపక్వ అవసర విధానం' అన్నారు. పై నుంచి దీనికి ఉత్తమ ఆచరణగా గుర్తింపు వచ్చింది. ఇతర జిల్లాల వాళ్ళు వచ్చి మా బెంచీలు కొలుచుకుని వెళ్ళారు.

గుర్తింపు పత్రం అందుకునే రోజున ఆసుపత్రి హాల్లో సభ జరిగింది. వేదిక మీద పూలదండలు, వెనక పిల్లసంచుల బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ. ముందు వరసలో బి నెగెటివ్ తల్లుల్ని కూర్చోబెట్టాం. సత్యవేణికి 'ఆదర్శ నిరీక్షణ మాతృమూర్తి' అని ఒక జ్ఞాపిక, ఒక చీర. ముకుందరావు గారు చాలాసేపు మాట్లాడి, "ప్రగతి అంటే పరికరాలు మాత్రమే కాదు, వాటికి తగినట్టు ప్రజలను తీర్చిదిద్దుకోవడం" అని ముగించారు. చప్పట్లు మోగాయి. తర్వాత సత్యవేణిని నాలుగు మాటలు చెప్పమని మైకు దగ్గరికి తీసుకొచ్చారు. కృతజ్ఞతలు ఎలా చెప్పాలో నేను ముందే ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆమెకి చదవడం రాదన్న సంగతి నాకు తట్టలేదు.

ఆమె పాపని భుజం మార్చుకుని, మైకుకి కాస్త ఎడంగా నిలబడింది.

"నేనేం మాట్టాడతానండి" అంది. "మా పాప బతికిందండి. డాక్టరమ్మ గారికి దణ్ణం. ఒక్క సంగతి సెప్పాలండి, సెప్పకపోతే నాకు అన్నం సయించట్లేదు. ఆ బెంచీ మీద కూకున్నన్నాళ్ళూ నేను అమ్మోరికి మొక్కుకున్నానండి. ఇంకో బిడ్డకి రత్తం తగ్గిపోవాలని. ఎవురి బిడ్డైనా సరే, మా పాప గ్రూపే అవ్వాలని. లంకలోంచి ఆ మామ్మ మనవణ్ణి ఎత్తుకొచ్చినప్పుడు, ఆ పిల్లోడి పెదాలు తెల్లగా ఉండటం సూసి, అమ్మోరు నా మొర ఆలకించిందనుకున్నానండి. సంతోషపడ్డానండి. ఆ మామ్మ నన్ను మన్నించాలండి."

లంకల ముసలామె తల వంచుకుని మనవడి వీపు నిమురుతోంది. ముందు వరసలోంచి రూతమ్మ లేచింది. మైకు అవసరం లేకుండానే ఆమె మాట అందరికీ వినపడింది.

"ఊరుకో సత్యవేణీ. నీకన్నా ముందు కూకున్నదాన్ని నేను. రోజూ ఇంటికెళ్ళి మోకాళ్ళ మీద పడి ప్రార్దన సేసేదాన్ని, నా కొడుకు పక్కన ఇంకో బిడ్డని కూకోబెట్టు ప్రభువా అని. నువ్వొచ్చావు."

నజ్మా గారు వేదిక దిగి బయటికి వెళ్ళిపోయారు. దొరబాబు వెనక గోడకి ఆనుకుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ముకుందరావు గారు నా వైపు వంగి నెమ్మదిగా అన్నారు. "నివేదికలో రాసుకోండి. పథకం పట్ల తల్లుల్లో భక్తిభావం వెల్లివిరిసినది."

ఆ ఇద్దరు ఆడవాళ్ళ వైపు తలెత్తి చూసే ధైర్యం నాకు లేకపోయింది. అందుకని తల వంచుకుని, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.